ఎగిరెడు పళ్ళెములు – వైమానికుల సాక్ష్యము

ఆకాశమున కానవచ్చు వింతలను జూచి భయపడుట యొకటి. వానిని వేరుపరచి పేళ్ళు పెట్టుట మఱియొకటి. మన పూర్వులు రెండవ పనిని గూడ చేసిరి. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరాచార్యుడు రచించిన బృహత్సంహితయందు ఉల్కలకు ప్రత్యేకముగా నొక అధ్యాయము కలదు. ఆకాశమునుండి రాలువానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు తెగలుగా విభజించి, దేని తోక యెట్టిదో, దేనికి శబ్దముండునో ఆయన వివరించెను. ధూమకేతువులకు వేఱొక అధ్యాయము, గాలిలో పట్టణములవలె తోచు గంధర్వనగరములకు ఇంకొక అధ్యాయము కలవు. వానికి ఫలములుగా చెప్పబడిన క్షామము, రాజ్యనాశము మొదలగునవి నేడు నమ్మనక్కరలేదు. కాని చూచినదానిని రూపము, వర్ణము, ధ్వని, దిక్కులతో చూచినట్లుగా పేర్కొను ఆ పద్ధతి మాత్రము నేటికిని ఆదరణీయము.

వరాహమిహిరునికి లభింపని సాక్షి యొకడు ఇరువదవ శతాబ్దమున ఏర్పడెను. అతడు విమానచోదకుడు. పొలముగట్టున నిలిచి తల యెత్తి చూచువాని మాటకును, పదివేల అడుగుల యెత్తున ఆకాశములోనే యుండి చూచువాని మాటకును భేదము కలదు. రెండవవానికి మేఘములతోను, నక్షత్రములతోను, ఇతర విమానములతోను నిత్యపరిచయము. అందుచేతనే, గుర్తెఱుగని వస్తువొకటి ఆకాశమున సంచరించుచున్నదని వైమానికుడు చెప్పినప్పుడు ప్రభుత్వములు సైతము కాగితము, కలము చేతబట్టెను. అట్టి సాక్ష్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనవి రెండు కలవు. రెండును అమెరికా దేశమున జరిగినవే. అయినను వానిలో రెండవదానికి హైదరాబాదుతోను, చిలుకూరు మొదలగు మన పల్లెల మీది ఆకాశముతోను సంబంధము కలదని చెప్పిన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును.

మొదటివాడు కెన్నెత్ ఆర్నాల్డ్. ఇతడు అగ్నిమాపక సామగ్రి అమ్ముకొను వర్తకుడు. సొంతముగా చిన్న విమానమును నడుపుకొనువాడు. 1947వ సంవత్సరము జూన్ 24వ తేదీ మధ్యాహ్నము మూడు గంటల వేళ వాషింగ్టన్ రాష్ట్రములో రెయినియర్ పర్వత ప్రాంతమున పోవుచు, కొండలలో కూలిపోయిన సైనిక విమానమొకదాని జాడ వెదకుచుండెను. దానిని కనుగొన్నవారికి ఐదువేల డాలర్ల బహుమానము ప్రకటింపబడి యుండెను. అంతలో అతని కన్నులకు తళుక్కుమని మెఱపు తగిలెను. చూచునంతలో తొమ్మిది వస్తువులు వరుసగా ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుచుండెను. ఆర్నాల్డ్ గడియారము చూచుకొనెను. రెయినియర్ శిఖరమునుండి ఆడమ్స్ శిఖరమువరకు అవి పోవుటకు పట్టిన కాలము ఒక నిమిషము 42 సెకండ్లు. ఆ దూరమునుబట్టి లెక్కవేయగా గంటకు సుమారు 1,700 మైళ్ళు తేలెను. అది తనకే నమ్మశక్యము కాక, పత్రికలవారితో 1,200 మైళ్ళని తగ్గించి చెప్పెనందురు. శబ్దవేగమును మించి ఏ విమానచోదకుడును అప్పటికి ఎగిరియుండలేదు. చక్ యేగర్ ఆ పని చేసినది అదే సంవత్సరము అక్టోబరు 14న.

ఇక్కడ ఒక మాట చరిత్ర చెప్పవలసియున్నది. ఆ వస్తువులు ఎట్లు కదలినవని అడుగగా, నీటిమీద సాసరును విసరిన అది ఎట్లు గంతులు వేయుచు పోవునో అట్లు పోయినవని ఆర్నాల్డ్ చెప్పెను. మన పిల్లలు చెఱువుగట్టున పెంకులు విసరి నీటిమీద కప్పగంతులు వేయించు ఆట వంటిదే యిది. అతడు చెప్పినది నడకనుగూర్చి. పత్రికలవారు దానిని రూపమునకు అంటగట్టి ‘ఎగిరే సాసర్లు’ అని అచ్చువేసిరి. అతడు పిమ్మట గీచిన బొమ్మలో ఆ వస్తువు గుండ్రని పళ్ళెమే కాదు. అయినను మాట పుట్టిన తరువాత జనులకు ఆకాశమునిండ పళ్ళెములే కానరాజొచ్చెను. అది తెలుగునకు వచ్చి ‘ఎగిరే పళ్ళెములు’ అయినది. ఒక్క ఉపమానము ఇంతటి పని చేయగలదు.

మన భాగవతమున దశమస్కంధములోని సాల్వుని సౌభకమును ఎఱిగినవారికి ఈ సందర్భమున అది జ్ఞప్తికి రాకపోదు. మయుడు నిర్మించి యిచ్చిన ఆ విమానము ఒకప్పుడు పెక్కురూపులుగాను, ఒకప్పుడు ఒక్క రూపుగాను తోచునట. ఒకసారి నేలపై, ఒకసారి నింగిలో, ఒకసారి కొండకొమ్మున, ఒకసారి నీటిలో కనబడి, త్రిప్పిన కొఱవివలె గిరగిర తిరుగుచు ఒకచోట నిలువదట. వ్యాసమహర్షియు నడకకే ఉపమానము చెప్పెను. ఇంతమాత్రము చేత ద్వాపరయుగమున అట్టి యంత్రము కలదని వాదించుట తగదు. భరద్వాజుని పేర ప్రచారములోనున్న ‘వైమానిక శాస్త్రము’ను బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన ఐదుగురు పండితులు 1974లో పరీక్షించి, అది ఇరువదవ శతాబ్దపు రచనయేయనియు, అందు చెప్పిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. పురాణమునకు పురాణముగా గల గౌరవము చాలును. దానికి లేని యంత్రశాస్త్రమును తగిలించిన గౌరవము తఱుగునే కాని పెరుగదు.

ఆర్నాల్డ్ చూచినది ఎండమావి వంటి దృష్టిభ్రమ కావచ్చునని అమెరికా వైమానిక దళము వ్రాసికొనెను. అనగా వరాహమిహిరుని గంధర్వనగరమే యన్నమాట. ఆర్నాల్డ్ దానికి తుదివరకు ఒప్పుకొనలేదు.

రెండవవాని కథ దుఃఖాంతము. కాప్టెన్ థామస్ మాంటెల్ కెంటకీ రాష్ట్రమునకు చెందిన వైమానిక జాతీయ దళమువాడు. వయస్సు 25 సంవత్సరములు. భార్య, ఇరువురు కుమారులు కలరు. రెండవ ప్రపంచయుద్ధమున రవాణా విమానములను నడిపి పేరొందినవాడు. 1948వ సంవత్సరము జనవరి 7వ తేదీ మధ్యాహ్నము ఫోర్ట్ నాక్స్ సమీపమున గల గాడ్‌మన్ విమానాశ్రయమునకు, ఆకాశమున వింత వస్తువు కనబడుచున్నదని పోలీసులనుండి కబురు వచ్చెను. కొంతసేపటికి విమానాశ్రయ గోపురమునుండి అక్కడి ఉద్యోగులును దానిని చూచిరి. అధిపతియైన కర్నల్ దుర్భిణి పెట్టి చూచెను. తెల్లగా, గొడుగువలె నున్నదనిరి. ఏమో తెలియదనిరి.

అదే సమయమున నాలుగు మస్టాంగ్ యుద్ధవిమానములు ఆ దారిన పోవుచుండెను. వానికి నాయకుడు మాంటెల్. ఆ వస్తువేమో చూచి రమ్మని గోపురమువారు కోరిరి. ఒక విమానము ఇంధనము చాలక తన దారిని పోయెను. మిగిలిన మూడును పైకెక్కెను. వస్తువు తనకంటె ఎత్తున నున్నదనియు, లోహమువలె మెఱయుచు మిక్కిలి పెద్దదిగా నున్నదనియు మాంటెల్ రేడియోలో చెప్పినట్లు నివేదికలలో కలదు. 22,500 అడుగుల యెత్తున తక్కిన ఇద్దరును వెనుదిరిగిరి. మాంటెల్ తిరుగలేదు.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అంత యెత్తున గాలి పలుచన. 14,000 అడుగులు దాటినచో చోదకుడు ప్రాణవాయువు గొట్టము పెట్టుకొని తీరవలెనని నియమము. నాడు మాంటెల్ విమానమున ప్రాణవాయువు సామగ్రి లేదు. ప్రాణవాయువు తగ్గినపుడు మనుష్యునకు ఊపిరాడని బాధ కలుగదు. అదియే దానిలోని ప్రమాదము. బుద్ధి మందగించును, కాని మందగించినదని ఆ బుద్ధికే తెలియదు. తాను చక్కగానే యున్నానను ధీమాతోనే స్పృహ తప్పును. మాంటెల్ విమానము పైపైకి పోయి, చోదకుడు లేని బండివలె తిరుగబడి, ఫ్రాంక్లిన్ అను పట్టణము దాపున ఒక పొలములో కూలెను. అతని చేతిగడియారము 3 గంటల 18 నిమిషములకు ఆగియుండెను. ఆ ఫ్రాంక్లిన్ అతడు పుట్టిన ఊరే.

మొదట అధికారులు ఇచ్చిన సమాధానము శుక్రగ్రహము. మనవారు వేగుచుక్క యని పిలుచు శుక్రుడు మిక్కిలి ప్రకాశవంతుడే. చోటు తెలిసి చూచినచో పట్టపగలు సైతము సూదిమొనంత చుక్కగా కనబడవచ్చును. కాని పట్టపగటి శుక్రుని గొడుగని, లోహపు వస్తువని ఇందఱు భ్రమపడుట నమ్మదగినట్లు లేదు. పంచాంగము చూచు అలవాటున్న మన ముసలివారు సైతము ఈ సమాధానమును ఒప్పుకొనియుండరు. తరువాత వైమానిక దళపు విచారణశాఖకు అధిపతియైన ఎడ్వర్డ్ రప్పెల్ట్ పాత కాగితములను మరల త్రిరుగవేసి వేఱొక సమాధానమును సూచించెను. నేడు పెక్కుమంది అంగీకరించునది అదియే. మాంటెల్ తఱిమినది ‘స్కైహుక్’ అను బెలూను.

స్కైహుక్ బెలూనులు అమెరికా నౌకాదళము పక్షమున ప్రయోగింపబడినవి. మొదటిది మిన్నెసోటా రాష్ట్రమునుండి 1947 సెప్టెంబరులో లేచినది. అవి పలుచని పాలిథీన్ పొరతో చేసినవి. లక్ష అడుగుల యెత్తునకు పోగలిగినవి. మాంటెల్ ఎక్కిన విమానము ఎంత యెగిరినను వాని నందుకొనుట కల్ల. అవి రహస్యముగా నుంచబడుటచేత నౌకాదళమువారి బెలూను సంగతి గాడ్‌మన్ గోపురమువారికి తెలియదు. ఆ గోపురమువారికి తెలియనందున మాంటెల్‌కు తెలియదు. ఒకే ప్రభుత్వము, ఒకే దేశము, ఒకే ఆకాశము. ఒక శాఖ ఎగురవేసినదానిని మఱియొక శాఖ శత్రువో, దేవతయో యని తఱిమినది. కాగితము మీద రెండు పంక్తులు వ్రాసి అన్ని విమానాశ్రయములకు పంపియుండినచో ఆ యువకుడు ఆనాడు ఇంటికి పోయి భోజనము చేసియుండును.

తెలియవలసిన సంగతి జనులకు తెలియనీయకుండుట యెట్టిదో చిలుకూరు పెద్దలకు తెలియనిది కాదు. 1941లో ఆంధ్ర మహాసభ ఎనిమిదవ సమావేశము రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఈ యూరనే జరిగెను. సభ జరుపుకొనుటకు సైతము ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ నిశాన్ 53 ఆనాటి నిజాము రాజ్యమున అమలులో నుండెను. పత్రికలు, గ్రంథాలయములు కావలెనని నాటి పెద్దలు అంతగా ఆరాటపడుటకు కారణము వేఱే చెప్పనక్కరలేదు.

ఇక హైదరాబాదు సంగతి. విశ్వకిరణములనుగూర్చి పరిశోధించిన హోమీ భాభా, తాను స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పక్షమున బెలూనులను పైకి పంపు పనిని ప్రారంభించెను. మాంటెల్ తఱిమినదానివంటి పాలిథీన్ బెలూనులే 1959 మొదలుకొని హైదరాబాదునుండి లేవసాగినవి. మొదటి యేండ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము వానికి రంగస్థలము. ఆ దశాబ్దాంతమున నగరమున ఈ పనికే శాశ్వతముగా నొక కేంద్రము ఏర్పడెను. భాభా దానిని చూడలేదు. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతములలో జరిగిన విమాన ప్రమాదమున ఆయన మరణించెను.

హైదరాబాదునే ఏల ఎన్నుకొనిరనగా, ఈ నగరము భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు దగ్గఱగా నున్నది. ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములలో బలహీనమైనవానిని భూమి అయస్కాంతశక్తి ఇచ్చట ప్రక్కకు నెట్టివేయును. మిక్కిలి బలముగలవి మాత్రమే లోనికి రాగలవు. నూర్పిడిలో తాలు పోయి గింజ మిగిలినట్లు పరిశోధకునకు కావలసినదే మిగులును. కాని ఒక కష్టము కలదు. మన ప్రాంతమున నేలమీద ఎండ ఎంత మండినను, పదియాఱు పదియేడు కిలోమీటర్ల యెత్తున చలి సున్నకు దిగువ 80 డిగ్రీల దాక పోవును. శీతలదేశముల మీదనైనను సాధారణముగా అంత చలి యుండదు. సామాన్యమైన పాలిథీన్ ఆ చలికి పెళుసెక్కి పగిలిపోవును. అమెరికాలో చక్కగా లేచిన బెలూను హైదరాబాదు మీద చీలిపోవుటకు కారణమిదియే. దానిని తట్టుకొను పొరను మనవారు సాధించిరి. 1968లో ఈ నగరమునుండి లేచిన బెలూను వృశ్చికరాశియందలి ఎక్స్‌కిరణ తారను పరిశీలించినది. 2005లో లేచిన మఱియొకటి 20 మొదలు 41 కిలోమీటర్ల నడుమ గాలిని పట్టి తెచ్చెను; దానినుండి మూడు క్రొత్త సూక్ష్మజీవులను గుర్తించి, ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. అయిదవ శతాబ్దమున పుట్టిన గణితాచార్యుడు, ఎల్లకాలము ఆకాశమును లెక్కించినవాడు, ఆకాశమున దొరికిన క్రిమికి పేరై నిలిచెను.

బెలూను పళ్ళెమువలె కానవచ్చుటకు కారణము తెలిసికొనవలెను. లేచునప్పుడు దానిలో వాయువు కొద్దిగానే యుండును. మిగిలిన పొర అంతయు పొడవుగా వ్రేలాడుచుండును. పైకి పోయినకొలది బయటి ఒత్తిడి తగ్గి, ముప్పది కిలోమీటర్ల యెత్తున నేలమీది ఒత్తిడిలో నూఱవ వంతు మాత్రమే మిగులును. అప్పుడు లోని వాయువు వ్యాపించి బెలూను 50 మొదలు 85 మీటర్ల అడ్డుకొలత గల గోళమగును. నేలమీద ప్రొద్దుగ్రుంకిన తరువాతను, ప్రొద్దు పొడువకముందును అంత యెత్తున ఇరువది నిమిషములకు పైగా ఎండ యుండును. కావున చీకటి నేలమీద నిలిచినవానికి తల పైన నిశ్చలముగా, నిప్పుకణికవలె, ముత్యమువలె అది వెలుగుచుండును. దాని దూరము తెలిపెడు గుర్తు ఏదియు ప్రక్కన నుండదు. దూరము తెలియనివానికి పరిమాణము తెలియదు. పరిమాణము తెలియనివానికి వేగము తెలియదు. నేలమీది చూపరికే కాదు, వైమానికునకును ఈ లోపము తప్పదు. ఎన్ని వేల గంటలు ఎగిరినను అతని కన్నులు రెండే.

వికారాబాదు జిల్లా మర్పల్లి మండలము మొగిలిగుండ్ల గ్రామస్థులు 2022వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీ ప్రాతఃకాలమున తమ పొలములో గదియంత గుండ్రని వస్తువు దిగుట చూచిరి. జనము మూగిరి. గ్రహాంతరవాసుల వాహనమని వదంతి పుట్టినది. సెల్‌ఫోనులలో బొమ్మలు క్షణములో నలుదిక్కులకు ప్రాకెను. అది అంతరిక్షపు అంచుదాక ప్రయాణికులను తీసికొనిపోదలచిన స్పెయిన్ దేశపు సంస్థ తయారుచేయించిన మచ్చు పెట్టె. హైదరాబాదు కేంద్రమునుండి బెలూనుతో సుమారు 37 కిలోమీటర్ల యెత్తునకు పోయి పారాచ్యూట్ మీద దిగినది. లోపల ఎవరును లేరు. పోలీసులు ఆనాడే సంగతి చెప్పిరి. కెంటకీలో ఏండ్లు పట్టిన సమాధానము మొగిలిగుండ్లలో ఒక పూటలో వచ్చెను. ఇచ్చట బెలూను రహస్యము కాకపోవుటయే యీ భేదమునకు కారణము.

చలికాలమున బెలూనులు లేచునప్పుడు హైదరాబాదు కేంద్రమువారు పత్రికలలో ప్రకటన యిత్తురు. విశాఖపట్టణము, హైదరాబాదు, షోలాపురము కలిపిన రేఖ పొడవున, నగరమునకు 200 మొదలు 350 కిలోమీటర్ల దూరమున పరికరములు దిగవచ్చునని అందు చెప్పుదురు. రంగుల పారాచ్యూట్, ఇరువది మొదలు నలువది మీటర్ల త్రాడు, దాని చివర పెట్టెలు కనబడినచో విప్పరాదు. కొన్నిటిలో అధిక విద్యుచ్ఛక్తి యుండును. దగ్గఱి పోలీసు ఠాణాకు గాని తపాలా కార్యాలయమునకు గాని తెలుపవలెను. చెడగొట్టక అప్పగించినవారికి బహుమానము, ఖర్చులు ముట్టును. ప్రకటన పత్రికలో ఒక మూలన నుండును, చదివినవారు తక్కువ. పత్రిక బల్లవద్ద కూర్చుండు చందాదారులు దీనిని బిగ్గఱగా చదివి వినిపించినచో మేలు.

అన్నిటికి బెలూనే సమాధానమని తలపరాదు. అమెరికా వైమానిక దళమువారు ‘బ్లూ బుక్’ అను పేర 1969 వరకు నడిపిన విచారణలో మొత్తము 12,618 నివేదికలు చేరినవి. శుక్రుడు, ఉల్కలు, బెలూనులు, విమానములు అని పద్దులు పంచగా 701 మిగిలిపోయినవి. లెక్కలు వ్రాయువారికి అనామతు పద్దు అనగా నేమో తెలియును. ఎక్కడ జమకట్టవలెనో తేలనిదానిని అక్కడ ఉంచుదురు. తేలనంతమాత్రమున అది దొంగసొమ్మూ కాదు, దేవుని సొమ్మూ కాదు. బలవంతముగా నొక ఖాతాలోనికి త్రోయువాడే లెక్క చెడగొట్టువాడు. శుక్రగ్రహమని మాంటెల్ పద్దును ముగించినవారు అట్లు చేసినవారే.

ఆ అనామతు నేటికిని పెరుగుచునే యున్నది. 2004 నవంబరులో కాలిఫోర్నియా తీరమున అమెరికా నౌకాదళ వైమానికులు రెక్కలు లేని తెల్లని వస్తువును వెంబడించిరి. ఆనాటి చిత్రమును ప్రభుత్వమే 2020లో బయటపెట్టెను. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయము మీద గుర్తెఱుగని వస్తువు కనబడగా కొన్ని గంటలు విమానములను ఆపి, రఫేల్ యుద్ధవిమానములను పంపి వెదకించిరి. ఏమియు దొరకలేదు.

వీనియన్నిటికంటె పాతది, మన దేశపుది యొకటి కలదు. 1951 మార్చి 15వ తేదీ ఉదయము 10 గంటల 20 నిమిషములకు ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బునందు ప్రధాన ఇంజనీరు మొదలుగా 25 మంది ఒక్కసారి చూచిరి. చుట్టవంటి రూపు, లోహపు మెఱుపు, వెనుక తెల్లని పొగ. వేగము పెరిగినపుడు ఆ పొగ నల్లబడెను. పెద్ద వలయము తిరిగి కానరాకపోయెను. చూచినవారందఱు విమానములతో పొద్దుపుచ్చువారే. నేలమీద నున్నందున ఎవరికిని ప్రాణవాయువు లోపము లేదు. వారి మాటలు అమెరికావారి దస్త్రములకు గూడ చేరినవి. ఆ దస్త్రములలో నేటికిని దానికెదురుగా ‘గుర్తింపబడనిది’ అనియే యున్నది.